ఆటిజము: తెరమీది బొమ్మ, తరగతిలోని బిడ్డ

కాకినాడకు ఈశాన్యమున, సముద్రపుటొడ్డున నున్న ఉప్పాడ జాందానీ నేతకు పేరుపొందిన ఊరు. అచ్చట మగ్గముపై ఇద్దరు ప్రక్కప్రక్కన కూర్చుండి, పూవును పోగుపోగుగా చేతితోనే బట్టలో ఎక్కింతురు. ఆ చీరను కొనవచ్చిన తెలిసినవారు మొదట చేయు పని దానిని తిరుగవేసి చూచుట. అసలైన జాందానీకి రెండు వైపులను ఒకే అందము; వెనుకవైపున వ్రేలాడు పోగు లుండవు. ఒక మనిషిని గూర్చి సంఘము చెప్పుకొను మాటలను గూడ అప్పుడప్పు డిట్లు తిరుగవేసి చూడవలసి యున్నది. ముందువైపున దయగాను, మెచ్చుకోలుగాను కనబడు మాట, వెనుకవైపున ఒక బిడ్డ చదువును, వైద్యమును, హక్కును తెంపివేయుచుండవచ్చును. ఆటిజమును గూర్చి మన చలనచిత్రములు, మన సామెతలు, తుదకు మన పారిభాషిక పదము గూడ అల్లిన చిత్రము అట్టిదే.

ఆటిజ మనగా నేమి?

ఆటిజము మెదడు ఎదుగు తీరులోని ఒక భేదము. అది రోగక్రిమి వలన వచ్చునది కాదు. ఒకరి నుండి మరొకరికి అంటునది కాదు. దాని గుర్తులు సాధారణముగా మొదటి మూడేండ్ల లోపల కనబడ నారంభించును. కొందరిలో మాత్రము బడిలో చేరిన పిదప గాని, పెద్దయిన పిదప గాని గుర్తింపబడవు. ముఖ్య లక్షణములు రెండు విధములు. మొదటిది, ఇతరులతో మాటలాడుట, వారి ముఖకవళికలను, గొంతులోని మార్పులను గ్రహించుట, కలసి మెలసి యుండుట మొదలగు వానిలోని భేదము. రెండవది, ఒకే పనిని మరల మరల చేయుట, ఒకే విషయముపై గాఢమైన ఆసక్తి, అలవాటైన క్రమము మారినచో కలత, శబ్దము వెలుతురు స్పర్శ వంటి వానికి అతిగా గాని, మిక్కిలి తక్కువగా గాని స్పందించుట.

ఈ రెండును ఉన్నంత మాత్రమున అందరు నొకే విధముగా నుందురని కాదు. ఒకరు అసలు మాటలాడకపోవచ్చును. మరొకరు గ్రాంథికము వలె నిండైన వాక్యములతో మాటలాడవచ్చును. ఒకరికి స్నానము చేయించుటకు కూడ తోడు కావలెను. మరొకరు కళాశాలలో పాఠము చెప్పవచ్చును. కొందరికి ఆటిజముతో పాటు బుద్ధిమాంద్యము కూడ ఉండును, ఎందరికో ఉండదు. అనగా తెలివి యొక కొలత, ఆటిజము వేరొక కొలత. ఈ వైవిధ్యము చేతనే శాస్త్రజ్ఞులు దీనిని వర్ణపటముతో పోల్చి, 2013లో వెలువడిన అమెరికా మనోవైద్యుల వర్గీకరణములో అంతకుముందున్న వేర్వేరు పేర్లను ఒక్క పేరు క్రిందికి చేర్చినారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారము 2021లో లోకమున ప్రతి 127 మందిలో సుమారు ఒకరికి ఆటిజము కలదు. కావున ఒక పెద్ద ఉన్నత పాఠశాలలో అట్టి పిల్లలు కొంద రుండుట వింత కాదు. ఒక్కరును లేరనుకొనుటయే వింత.

గోదావరి గట్టున ఒక అమాయకుడు

తెలుగువారికి ఈ విషయమున మొదట స్ఫురించు చిత్రము “స్వాతిముత్యం”. శ్రీ కె. విశ్వనాథ్ దర్శకత్వమున 1986లో వెలువడిన ఈ చిత్రమును రాజమహేంద్రవరము, తొర్రేడు, పట్టిసీమ ప్రాంతములలో తీసినారు. దానికి ఉత్తమ తెలుగు చిత్రముగా జాతీయ పురస్కారము లభించినది. ఆస్కారు పోటీకి భారతదేశము పక్షమున పంపబడినది. కమలహాసన్ ధరించిన శివయ్య లోకము తెలియని యువకుడు. భర్తను కోల్పోయి, బిడ్డతో పుట్టింటివారి నిరాదరణకు గురియైన లలిత కష్టము చూచి, శ్రీరామనవమి ఉత్సవమున పదిమంది యెదుట ఆమె మెడలో తాళి కట్టును. తరువాతి కథ ఆ సంసార మెట్లు నిలిచినదను కథ.

వితంతువు బ్రతుకును గూర్చి సంఘమును నిలదీసిన చిత్రముగా దీని విలువ తగ్గునది కాదు. శివయ్యను ఎగతాళి చేయువారినే చిత్రము చిన్నబుచ్చును గాని శివయ్యను కాదు. ఈ మేలును మొదట ఒప్పుకొనవలెను. చిత్రములోని వారందరికి అతడు కేవలము అమాయకుడు. ఆటిజమను ముద్ర పిదప వచ్చినది. ఇటీవలి వ్యాసములలోను, విజ్ఞానసర్వస్వముల వంటి చోట్లను శివయ్యను ఆటిజము కలవాడని నిస్సంకోచముగా వ్రాయుచున్నారు. చిక్కు అచ్చటనే పుట్టినది. కల్పిత పాత్రకు పేరు పెట్టినంత మాత్రమున నష్టమేమి యని అడుగవచ్చును. నష్ట మేమనగా, ఆ పేరు వెనుకకు తిరిగి నిజమైన మనుష్యులకు అంటుకొనును. “ఆటిజమా? స్వాతిముత్యములో కమలహాసను వలె నుండు నన్న మాట” అని ఇంటింటను ఒక కొలబద్ద తయారగును.

ఆ కొలబద్దను పరీక్షింతము. శివయ్యలో ప్రధానముగా చూపబడినది పసివాని మనస్సు గల పెద్దవాడు. ఆటిజము పసితనము కాదు. ఆటిజము గల ముప్పదియేండ్ల మనిషి ముప్పదియేండ్ల మనిషియే. అతని కోరికలు, సిగ్గు, కోపము, ఆత్మగౌరవము ఆ వయస్సువే. అతనిని పసివానిగా భావించిన యింటిలో అతని యెదుటనే అతనిని గూర్చి మాటలాడుదురు. అతని సొమ్మును గూర్చి, వివాహమును గూర్చి, వైద్యమును గూర్చి అతని నడుగక నిర్ణయింతురు. మాట రానివాడైనచో వినికిడి కూడ లేనట్లు ప్రవర్తింతురు. మాటలాడలేకపోవుటయు, అర్థము చేసికొనలేకపోవుటయు ఒకటి కావు.

రెండవది, శివయ్య మాటను మాటగానే తీసికొనును. దానినుండి హాస్యము పుట్టును. మాటలను అక్షరార్థమున గ్రహించుట ఆటిజము గల కొందరిలో నిజముగానే కలదు. ఇంతవరకు పోలిక సరియే. కాని తెరపై ఆ గుణము ప్రేక్షకుని నవ్వించి, అతనిపై ప్రేమ పుట్టించును. తరగతిలో అదే గుణము దండన తెచ్చును. “బుర్ర ఇంటిలో పెట్టి వచ్చినావా?” అని ఉపాధ్యాయు డడిగినపుడు “లేదండి, ఇక్కడనే ఉన్నది” అని ఒక బాలుడు నిజాయితీగా బదులు చెప్పినచో, తరగతి నవ్వును, ఉపాధ్యాయుడు పొగరనుకొనును. తెరమీది శివయ్యకు కన్నీరు కార్చినవారే ఈ బాలుని బెంచి యెక్కింపవచ్చును. బొమ్మను ప్రేమించుట మనిషిని గుర్తించుట కాదనుటకు ఇంతకంటె నిదర్శన మేల?

మూడవది మిక్కిలి బరువైనది. చిత్రములో శివయ్యకు పెండ్లి యగును. బాధ్యత మీద పడును. ఆ బాధ్యతయే అతనిని నిలబెట్టును. కథకు ఇది అందమే. కాని తెలుగునాట “పిచ్చి కుదిరితే గాని పెండ్లి కాదు, పెండ్లయితే గాని పిచ్చి కుదరదు” అను సామెత యున్నది. సామెత ఎగతాళిగా చెప్పిన దానిని ఎందరో తల్లిదండ్రులు వైద్యముగా నమ్మి, కుమారుని సంగతి దాచి పెండ్లి చేయుదురు. ఆటిజము పెండ్లితో కుదురునది కాదు, కుదురుటకు అది పిచ్చియు కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఆటిజమును, మానసిక రోగమును వేర్వేరు అంశములుగా పేర్కొన్నది. ఆటిజము గలవారు పెండ్లాడకూడదని కాదు. వారిలో చక్కని గృహస్థులు గలరు. తెలిసి, ఇష్టపడి చేసికొనుట వేరు. మందుగా మరొకరి బ్రతుకును వాడుకొనుట వేరు. అట్టి వివాహమున ఇద్దరు మోసపోవుదురు, అందులో నిందపడునది తరచుగా కోడలే.

మేధావి యను మరొక బొమ్మ

అమాయకుని బొమ్మకు ఎదురుగా మేధావి బొమ్మ యున్నది. 1988లో అమెరికాలో వెలువడిన “రెయిన్ మాన్” చిత్రములో డస్టిన్ హాఫ్‌మన్ ధరించిన రేమండ్ క్రింద పడిన పుల్లలను ఒక చూపున లెక్కించును, పేకముక్కలను జ్ఞాపకముంచుకొనును. ఆ చిత్రము ఆటిజమను పేరును లోకమున ఇంటింటికి చేర్చినది. దానికి ముందు ఆ మాటను వినని లక్షలమంది విన్నారు. ఈ మేలును కాదనరాదు. కాని ఆ కథకు ప్రేరణమైన కిమ్ పీక్ అను నతనికి మెదడు రెండు అర్ధగోళములను కలుపు నాడీబంధము పుట్టుకతోనే లేదు. తరువాత పరిశీలించినవారు అతనిది ఆటిజము కాదని అభిప్రాయపడినారు. అట్టి అద్భుత జ్ఞాపకశక్తి ఆటిజము గలవారిలో కొలదిమందికే యుండును.

ఈ బొమ్మ చేయు చెరుపు వేరు విధమైనది. ఇంటికి వచ్చిన చుట్టము “మీ వాని కేమి విద్య వచ్చును? లెక్కలా, సంగీతమా?” అని యడుగును. ఏదియు రాని బిడ్డ తల్లి తలవంచుకొనును. లెక్కలు వచ్చిన బిడ్డకు మరియొక కష్టము: “ఇంత తెలివి గలవానికి చొక్కా గుండీలు పెట్టుకొనుట రాకపోవు నా? అంతయు నటన” అందురు, సహాయము నిలిపివేయుదురు. ఒక మనిషిలో ఒక శక్తి ఎక్కువగాను, మరియొక శక్తి తక్కువగాను ఉండుట ఆటిజమున సర్వసాధారణము. తరువాత వచ్చిన హిందీ చిత్రములలో 2010 నాటి “మై నేమ్ ఈజ్ ఖాన్” కథానాయకుని సద్గుణశీలునిగా చూపినది. 2012 నాటి “బర్ఫీ” ఆటిజము గల యువతికి ప్రేమకథలో చోటిచ్చినది. అవి వేర్వేరు కథలైనను ఒక ప్రశ్న మిగిలియే యున్నది. గొప్ప మనస్సు గాని, గొప్ప మేధ గాని లేని, సామాన్యుడైన, అప్పుడప్పుడు విసిగించు ఆటిజము గల మనిషికి కథలో చోటు ఎక్కడ? ఆదరము సుగుణమునకు బహుమానమైనచో, అది లేనివాడు ఆదరమునకు నోచుకొనడు. హక్కు అట్టిది కాదు.

పేరులోనే ఉన్న పొరపాటు

ఆటిజమను మాటకు మూలము “తాను” అను అర్థము గల గ్రీకు పదము. స్విట్జర్లండు వైద్యుడు బ్లాయిలర్ 1911 ప్రాంతమున దీనిని వేరొక మానసిక రోగములోని లక్షణమునకు వాడినాడు. 1943లో అమెరికాలో లియో కానర్ పదునొకండుగురు పిల్లలను వర్ణించుచు ఆ మాటను తీసికొన్నాడు. మరుసటి యేట వియన్నాలో హాన్స్ ఆస్పర్గర్ అదే మాటతో మరికొందరు పిల్లలను వర్ణించినాడు. తెలుగున దీనికి “స్వలీనత” అను పదము కల్పించినారు. అనగా తనలో తాను లీనమై యుండుట. అనువాదముగా పదము చక్కనిదే. కాని వినినవారికి ధ్యానములో మునిగినట్టి, ఇతరుల యెడ ప్రేమ లేనట్టి మనిషి తోచును.

వాస్తవము అట్లు లేదు. ఆటిజము గలవారిలో స్నేహమును కోరువారు, ఒంటరితనమునకు కుందువారు ఎందరో కలరు. వారి ప్రేమ వెలిబుచ్చు తీరు వేరు. 2012లో ఇంగ్లండులో డేమియన్ మిల్టన్ అను పండితుడు, తానును ఆటిజము గలవాడే, ఒక మంచి మాట చెప్పినాడు. పొరపాటు అవగాహన ఒకవైపుది కాదు, రెండువైపులదియు అని. ఆటిజము గలవాడు ఇతరుల మనస్సును గ్రహింపలేకున్నట్లే, ఇతరులును వాని మనస్సును గ్రహింపలేకున్నారు. అయినను లోపము మాత్రము ఒకరి మీదనే వ్రాయబడుచున్నది. తెలుగు మాత్రమే తెలిసినవాడును, తమిళము మాత్రమే తెలిసినవాడును ఎదురుపడినపుడు ఇద్దరిలో ఎవడు మూగవాడు?

తల్లి మీద పడిన నింద

కారణములను గూర్చిన అపోహలు మరింత క్రూరమైనవి. తల్లి చల్లని మనస్సు వలన బిడ్డ ఆటిజము గలవాడగునని పాశ్చాత్య దేశములలో కొన్ని దశాబ్దములు నమ్మినారు. 1967లో బ్రూనో బెటల్‌హైమ్ వ్రాసిన గ్రంథము ఆ నమ్మకమును ఊరూర వ్యాపింపజేసినది. ఆటిజము గల కుమారుని తండ్రియైన బెర్నార్డ్ రిమ్‌లాండ్ అంతకు మూడేండ్లకు ముందే, 1964లో, దానిని ఖండించి ఇది మెదడునకు సంబంధించినదని వాదించినాడు. 1977లో సుసాన్ ఫోల్‌స్టీన్, మైకేల్ రట్టర్ కవలపిల్లలను పరిశీలించి, వంశపారంపర్యమునకు దీనిలో గట్టి పాత్ర కలదని చూపినారు. నేడు అనేక జన్యువులు దీనికి సంబంధించినవని తెలిసినది.

1998లో ఒక ఇంగ్లీషు వైద్యపత్రికలో పండ్రెండుగురు పిల్లలను గూర్చిన వ్యాసము తట్టు, గవదలు, రుబెల్లా టీకాకును ఆటిజమునకును ముడిపెట్టినది. 2010లో ఆ పత్రిక వ్యాసమును ఉపసంహరించుకొన్నది. దాని ముఖ్యకర్త పేరు వైద్యుల పట్టికనుండి తొలగింపబడినది. 2019లో డెన్మార్కున ఆరున్నర లక్షలకు పైబడిన పిల్లలను పరిశీలించినపుడు టీకా వలన ఆటిజము పెరిగినట్లు కనబడలేదు. మన ఊళ్ళలో నింద రూపము మార్చుకొని వచ్చుచున్నది: తల్లి ఉద్యోగమునకు పోయినందున, బిడ్డకు ఫోను ఇచ్చినందున, గ్రహణమునాడు బయటకు వచ్చినందున అని. గంటలకొలది ఫోను చూచుట ఏ బిడ్డకును మంచిది కాదు. కాని ఆటిజమునకు అది కారణమని రుజువు లేదు. నింద మోయు తల్లి బిడ్డను నలుగురిలోనికి తీసికొని రాదు. దాగిన బిడ్డకు సహాయము చేరదు. “మగపిల్లలకు మాటలు ఆలస్యముగానే వచ్చును, వాని తండ్రికి గూడ అట్లే” అను ఓదార్పు మాట గూడ ఈ కోవలోనిదే. మంచి మనస్సుతో అన్న ఆ మాటకు రెండుమూడేండ్ల అమూల్యమైన కాలము ఖర్చగును.

తరగతిలోని బిడ్డ

ఉప్పాడ వంటి తీరగ్రామపు ఉన్నత పాఠశాలలో ఎనిమిదవ తరగతి చదువు బాలు డొక డున్నా డనుకొందము. అతనికి ఆటిజము కలదని ఇంటిలో గాని, బడిలో గాని ఎవరికిని తెలియదు. మగ్గపు చప్పుడు అతనికి అలవాటే. అది ఒకే లయలో నడచును. బడి గంట మాత్రము ఎప్పుడు మ్రోగునో తెలియదు. మ్రోగగానే చెవులు మూసికొనును. మధ్యాహ్న భోజనపు రద్దీలో ప్రక్కవాని మోచేయి తగిలినచో అరచును. తుఫానుకు సముద్రము బీచిరోడ్డును కోసినపుడు ఆటో పిఠాపురము మీదుగా పోవును. ఆనాడు అతడు ఉదయ మంతయు కుదుటపడడు. “కండ్లలోనికి చూచి చెప్పు” అనిన, చూచుటయు చెప్పుటయు రెండును ఒక్కసారి అతనికి చేతకావు, తల వంచుకొనును. అబద్ధమాడుచున్నా డనుకొందురు. ఇట్లు ఒక్క సంవత్సరములో అతనికి మొండివాడు, పొగరుబోతు, అబద్ధాలకోరు అను మూడు బిరుదులు లభించును. ఒకటియు నిజము కాదు.

అతని ప్రక్క తరగతిలో ఒక బాలిక యుండవచ్చును. ఆమె తోటివారిని చూచి వారి నవ్వును, మాటతీరును అనుకరించి రోజంతయు నెట్టుకొని వచ్చి, ఇంటికి పోయి అలసటతో ఏడ్చును. బడిలో ఆమెను “బుద్ధిమంతురాలు” అందురు. కానర్ వర్ణించిన పదునొకండుగురిలో ఎనమండుగురు మగపిల్లలే. ఆటిజమనగా మగపిల్లలదే యను భావము అటుపిమ్మట పాతుకొనిపోయి, ఇట్టి బాలికలు లెక్కకు రాకపోయిరి.

ఈ ఇద్దరికి కావలసిన దానిలో బడి చేయగలది కొంత యున్నది, అది ఖర్చు లేనిది. ఆనాటి పనుల వరుసను నల్లబల్లపై వ్రాయుట, మార్పు ఉన్నచో ముందుగా చెప్పుట, “పుస్తకము ఇవ్వగలవా?” అనుటకు బదులు “పుస్తకము ఇయ్యి” అని సూటిగా అడుగుట, కండ్లలోనికి చూడుమని బలవంతపెట్టకుండుట, గోల ఎక్కువైనపుడు కొంతసేపు నిశ్శబ్దమైన చోట కూర్చుండ నిచ్చుట, ఎగతాళిని మొదటి దినముననే ఆపుట. ఇవి దయాధర్మములు కావు. దృష్టి తగ్గినవానిని ముందు బెంచిలో కూర్చుండబెట్టుట ఎట్టిదో ఇవి యట్టివి.

అనుమానము కలిగినపుడు ముద్ర వేయుట ఉపాధ్యాయుని పని కాదు. దారి చూపుట ఆయన పని. 2013లో మొదలైన జాతీయ బాలల ఆరోగ్య కార్యక్రమము పరీక్షింపవలసిన స్థితులలో ఆటిజము ఒకటి. సికింద్రాబాదులోని జాతీయ సంస్థ, 1984లో స్థాపింపబడినది, ఆటిజమును కొలుచుటకు భారతీయ కొలమానమును రూపొందించినది. 1995 నాటి చట్టములో ఆటిజము ఊసే లేదు. 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టములో చేరినది. 2016 చట్టములో ఇరువదియొక్క వైకల్యములలో ఒకటిగా నిలిచి, ఇతర పిల్లలతో కలసి చదువుకొను హక్కును తెచ్చినది. 2018లో ప్రకటింపబడిన ఒక పరిశీలన, హైదరాబాదుతో కూడిన అయిదు ప్రాంతములలో, రెండు నుండి తొమ్మిదేండ్ల పిల్లలలో ఎనమండుగురికి దాదాపు ఒకరికి మెదడు ఎదుగుదలకు సంబంధించిన ఏదో యొక ఇబ్బంది కలదని తేల్చినది. వారిలో ఆటిజము గలవారు కొందరే. కాని తరగతిలో ఓపికతో చూడవలసిన పిల్లల సంఖ్య ఎంతటిదో దీనివలన తెలియును.

చలనచిత్రములను నిషేధింప నక్కరలేదు. స్వాతిముత్యమును చూచి కంటతడి పెట్టుటలో తప్పు లేదు. అది ఒక కవి మనస్సు కన్న మంచి మనిషి కథ. దానిని వైద్యగ్రంథముగా చదువుటయే తప్పు. బిడ్డ శివయ్య వలె ముద్దుగా లేకపోవచ్చును, రేమండు వలె లెక్కలు చేయకపోవచ్చును. తన పేరు పిలిచినను తిరిగి చూడకపోవచ్చును. ఆ బిడ్డ ఏమి వినుచున్నాడో, దేనికి బెదరుచున్నాడో, ఏది ఇష్టపడుచున్నాడో కొన్నాళ్ళు ఓపికగా గమనించిన ఉపాధ్యాయునికి పది చిత్రములు నేర్పనిది ఆ బిడ్డయే నేర్పును.